ఫర్నేస్ పెద్దదైతే పోయేదేముంది?

కొత్తగృహస్థు:
ఇల్లు వేడిచేసే మా పాత ఫర్నేస్ గంటకు లక్ష బీటీయూలది (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్), సామర్థ్యం 80 శాతం, అంటే పుట్టే వేడిలో ఇంటికి అందేది అంత. మార్చక తప్పడం లేదు. చూసి వెళ్లిన ఇద్దరిలో ఒకరు మళ్లీ లక్షదే పెట్టమన్నారు, మరొకరు 95 శాతం సామర్థ్యమున్న 60 వేలది చాలన్నారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. పెద్దది పెట్టుకుంటే పోయేదేముంది?

చలిమంట:
పెద్దదే పెట్టించండి. ఎక్కువైతే దానంతటదే ఆగుతుంది. తక్కువైతే అర్ధరాత్రి మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

కొలతబద్ద:
చలిమంట గారూ, ఆ ఆగడంలోనే ఉంది చిక్కంతా. మా పాత ఇంట్లో అవసరానికి రెట్టింపు ఫర్నేస్ ఉండేది. గాలి హోరుమంటూ వచ్చి, వేడిని చూసి ఫర్నేస్‌ను వెలిగించి ఆపే థర్మోస్టాట్ ఉన్న హాలు నాలుగు నిమిషాల్లో వేడెక్కేది. వెంటనే మంట ఆరేది. చివరి పడకగదికి వెచ్చదనం చేరేదే కాదు. అమ్మ అక్కడ రెండు దుప్పట్లు కప్పుకొని పడుకునేది. పెద్ద ఫర్నేస్ ఉన్న ఇంట్లో అమ్మ చలికి వణికింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాటిమాటికీ వెలిగి ఆరుతుంటే, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ లోహం వ్యాకోచించి, సంకోచించి అలసిపోతుంది. అది పగిలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదముంది. గాలి గొట్టాలు చిన్నవైతే మరో తంటా: వేడి బయటికి పోలేక ఫర్నేస్ మరీ వేడెక్కితే, లిమిట్ స్విచ్ అనే రక్షణ మీట మంటను ఆపేస్తుంది.

చదరపు అడుగుల లెక్కనూ నమ్మకండి. విస్తీర్ణం ఒకటే అయినా అటక మీది ఇన్సులేషన్, కిటికీలు, సందుల్లోంచి దూరే గాలిని బట్టి అవసరం ఎంతో మారుతుంది. కొత్తగృహస్థు గారూ, బాగా చలిగా ఉన్న రాత్రి థర్మోస్టాట్ కదపకుండా, గంటకు ఎన్ని నిమిషాలు మంట వెలుగుతోందో రాసుకోండి. బయటి ఉష్ణోగ్రత కూడా.

చలిమంట:
సరే, రాత్రి వేడి తగ్గించుకుని తెల్లవారగానే పెంచుకునేవారి సంగతేమిటి? లెక్కకు సరిగ్గా సరిపోయే ఫర్నేస్‌తో ఇల్లు వేడెక్కేసరికి పొద్దెక్కుతుంది.

కొలతబద్ద:
అది నిజమే. అందుకే అవసరం మీద 40 శాతం వరకు అదనంగా ఉండవచ్చని, ఫర్నేస్ సైజు ఎంచుకోవడానికి వాడే మాన్యువల్ ఎస్ నియమాలే అంటాయి. ఆ వెసులుబాటు చాలు. రాత్రి మరీ ఎక్కువ తగ్గించకుండా ఉంటే ఆ బెడదా ఉండదు.

కొత్తగృహస్థు:
నిన్న రాత్రి మేలుకొని రాశాను. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 4. మూడు గంటలు చూస్తే గంటకు సగటున 18 నిమిషాలే మండింది. ఇక్కడ ఫర్నేస్ లెక్కకు తీసుకునే చలి మైనస్ 16 అట.

కొలతబద్ద:
మీ పాతది ఇంటికి అందించేది గంటకు 80 వేలు. 18 నిమిషాలంటే 24 వేలు. లోపలికీ బయటికీ తేడా 24 డిగ్రీల నుంచి 36కు పెరిగితే అవసరం ఒకటిన్నర రెట్లు, అంటే 36 వేలు. ఆ 60 వేలది 57 వేలు ఇస్తుంది, అదే ఎక్కువ! 40 వేలది 38 వేలిస్తుంది, బొటాబొటి. 50 వేలది దొరికితే 47,500 వస్తుంది, మీ ఇంటికి అదే సరిపోతుంది. అయినా ఇది ఒక్క రాత్రి లెక్క. సంతకం పెట్టేముందు, గదిగదికీ ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె లెక్క కాగితం మీద అడగండి. పిల్ల పడుకునే గది లెక్క అందులో చూడండి.