ఆరోగ్యశ్రీలో స్టెంట్‌కి పైన డబ్బు అడుగుతున్నారు, ఏం చేయాలి?

నమస్తే అండీ. మాది వరంగల్ దగ్గర పల్లె. మా నాన్నకు 62 ఏళ్లు, యాంజియోగ్రామ్ తీసి, గుండె రక్తనాళం మూసుకుపోకుండా ఉంచే స్టెంట్ వేయాలన్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర కాగితాలు తీసుకుని ఆన్‌లైన్‌లో అప్రూవల్‌కి పెట్టారు. హమ్మయ్య అనుకునేలోపు బిల్లింగ్ కౌంటర్ అతను చీటీ మీద పెన్నుతో 35,000 అని రాసి, "ప్యాకేజీలో వచ్చేది మామూలు స్టెంట్, మంచిది కావాలంటే ఇది కట్టండి" అన్నాడు. రసీదు ఇస్తారా అంటే మాట మార్చేశాడు.

ఈ పథకంలో చికిత్సకింత అని ఒకే ప్యాకేజీ రేటు. పరీక్షలు, మందులు, భోజనం అన్నీ అందులోనే. పైగా స్టెంట్లకు 2017లోనే కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. ప్రభుత్వం నుంచి బిల్లుల డబ్బు ఆలస్యంగా వస్తుందని, రేట్లు గిట్టుబాటు కావని ఆసుపత్రుల బాధ. అదీ నిజమేలెండి, కానీ ఆ లోటు పూడ్చాల్సింది మేమా?

ఇలాంటప్పుడు ఎవరైనా ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేశారా? ఆపరేషన్‌కి ముందే ఫిర్యాదు చేస్తే నాన్నను సరిగ్గా చూడరేమోనని టెన్షన్‌గా ఉంది. కట్టేసి తర్వాత డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్లుంటే, ఏ ఆధారం చూపించారో చెప్పండి. నా దగ్గర ఆ చీటీ ఫొటో ఒక్కటే ఉంది. గురువారం అడ్మిట్ అవ్వాలి.