ఈమెయిలు ప్రోగ్రాములో 'షార్ట్‌కట్'ను 'అడ్డదారి' అనవచ్చా?

ప్రశ్న (విజయనగరం నుండి): మాస్టారూ, బొమ్మలు, మౌసు లేకుండా అక్షరాలతోనే నడిచే ఈమెయిలు ప్రోగ్రాములు ఆల్పైన్, మట్‌ల గురించి మా విద్యార్థుల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ప్రోగ్రాము తెరుచుకోగానే కొన్ని మీటలను తనంతట తానే నొక్కుకొనేలా చేయడం, ఒక మీటకు మనకు నచ్చిన పని పెట్టుకోవడం, ఒక్క మీటతో నాలుగైదు మీటల పని జరిపించడం, వీటన్నింటికీ 'అడ్డదారి' అనే మాటే వాడాను. ఇది తగిన మాటేనా?

జవాబు (శ్రీకాకుళం నుండి): అమ్మా, ఆ మాటను తీసివేయమనే నా మనవి. 'అడ్డదారి తొక్కాడు' అన్నామంటే ఆ మనిషి చేయరాని పని చేశాడనే వింటారు. సెట్టింగులు మార్చుకోవడం ప్రోగ్రాము మనకిచ్చిన హక్కు, తప్పు కాదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. మీరు చెప్పిన మూడూ పనితీరులో వేరు వేరు కనుక, ఒకే మాట వాడితే విద్యార్థికి ఏది ఎందుకు పనిచేయలేదో బోధపడదు.

మట్‌లో 'బైండ్' అనే ఆదేశం ఒక మీటను ప్రోగ్రాములోని ఒక పనికి నేరుగా జత చేస్తుంది. ఉత్తరం చదువుతున్న తెరలో 'జె' నొక్కితే మామూలుగా తరువాతి ఉత్తరానికి పోతుంది. ఒక వరుస కిందికి జరగాలని కోరుకొనేవారు మట్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలులో, ఆ తెర పేరు చెప్పి, 'జె'కు వరుస జరిపే పనిని పెట్టుకొంటారు. దీనిని 'మీటకు పని అప్పగించడం' అనండి. 'మ్యాక్రో' అలా కాదు. అది ఒక మీటకు బదులుగా మరికొన్ని మీటలను నొక్కినట్లు చేస్తుంది కాబట్టి, ఆ మీటల్లో ఒకదాని పనిని మీరు తరువాత మార్చితే మ్యాక్రో ఫలితమూ మారిపోతుంది. అందుకే అందులో మీటలకు బదులు పనుల పేర్లే రాయడం మేలు. దీనికి 'మీటల వరుస' చాలును.

ఇక తెరుచుకోగానే జరిగేది. ఆల్పైన్ సెట్టింగుల్లో దానికి విడిగా ఒక జాబితా ఉన్నది. అందులో మీటలను కామాలతో వేరు చేసి రాస్తే, ప్రోగ్రాము మొదలవుతూనే మనం చేత్తో నొక్కినట్లే వాటిని వరుసగా నడుపుతుంది. ఆల్పైన్ మామూలుగా ప్రధాన పట్టికతో తెరుచుకొంటుంది కనుక, జాబితాలో మొదట 'ఐ' ఉంచితే ఉత్తరాల పట్టికకు చేరుతాము. ఇక్కడ మీ విద్యార్థులకు తప్పక చెప్పవలసినది ఒకటున్నది: ఒకే అక్షరానికి ఒక్కొక్క తెరలో ఒక్కొక్క అర్థం. ఉత్తరాల పట్టికలో 'ఎస్' నొక్కితే ఉత్తరాన్ని దాచుకోవచ్చు. ప్రధాన పట్టికలో అదే 'ఎస్' సెట్టింగులను తెరుస్తుంది. 'ఐ'ని మరచి 'ఎస్'తో మొదలుపెట్టినవారు ఎక్కడికో పోయామని కంగారు పడతారు. ఈ జాబితాకు నేను సూచించే పేరు 'తొలి మీటలు'.

ప్రశ్న: 'మీట' అంటే తీగలు గుర్తుకు వస్తున్నాయి మాస్టారూ. అందరూ 'కీ' అంటున్నప్పుడు అదే ఉంచితే పోదా?

జవాబు: 'కీ' అన్నా నాకు అభ్యంతరం లేదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, జనం మాట్లాడే తెలుగే చదువులోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి నేల మనది. జనం నోట ఉన్న మాటను మనం తోసివేయరాదు. అయితే 'కీ' అనగానే తాళంచెవి కూడా తలపునకు వస్తుంది. ఉత్తరాలను రహస్యలిపిలోకి మార్చే 'కీ' గురించి కూడా అదే పుస్తకంలో రాయవలసి వస్తే రెండూ కలగాపులగం అవుతాయి. అందుచేత నొక్కేదానిని 'మీట' అనీ, రహస్యలిపికి వాడేదానిని 'కీ' అనీ ఉంచడం నాకు నచ్చింది. క్రియ విషయంలో మాత్రం జాగ్రత్త పడండి: బొబ్బిలి వీణ తీగను మీటుతాము, కంప్యూటరు మీటను నొక్కుతాము.

ఆ లెక్కన మీ వాక్యం ఇలా ఉండవచ్చు: 'ఆల్పైన్ తెరుచుకోగానే ఉత్తరాల పట్టిక కనబడాలంటే, తొలి మీటల జాబితాలో ఐ అని రాయండి.'