షాంఘైలో చైనా వైన్: ఏం అడగాలి?

భీమవరం_ఆక్వా: నవంబరులో చెరువు ఏరియేటర్ల పని మీద షాంఘై వెళ్తున్నానండి. ఫ్రెంచి సరుకు కాదు, చైనా వైనే రుచి చూడాలి. ఏం అడగాలి? రెండు సీసాలు తెచ్చుకోవచ్చా?

కోనసీమ_తాతబ్బాయి: ముందు మాట జాగ్రత్తండి. ‘జియు’ అంటే ఏ మందైనా. వైట్ వైన్ అనుకుని ‘బైజియు’ అన్నారో, జొన్నతో కాచిన 50 శాతం సారా వచ్చి పడుద్ది. ‘బై పుటావ్‌జియు’ అనండి. ఎరుపైతే ‘హోంగ్‌జియు’.

మొదట వాయువ్య చైనాలోని నింగ్షియా నుంచి వచ్చే మార్సెలాన్ పట్టండి, అదో ఎర్ర ద్రాక్ష రకం. అక్కడి చలికి తీగలు చచ్చిపోతాయని నవంబరుకల్లా వంచి మట్టిలో పూడ్చి, ఏప్రిల్లో తవ్వి తీస్తారు. ముదిరిన మొదళ్ళు వంచితే విరుగుతాయి, కూలీ తడిసి మోపెడు. ధర ఊరికే రాలేదు. సీసా మీద ‘కాబర్నే గెర్నిష్ట్’ అని ఉంటే కంగారొద్దు, అది చిలీ వాళ్ళ కార్మెనేర్ ద్రాక్షే.

యానాం_రేవు: గ్లాసు లెక్కన పోసే బార్లు పాత ఫ్రెంచి కన్సెషన్ (ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉన్న పేట) వీధుల్లో ఎక్కువ. అప్పుడు పీతల సీజను. ఆవిరి పీతకి ఎర్ర వైన్ వద్దు, నోట్లో ఇనుము నాకినట్టుంటది. షార్దొనే అనే తెల్ల వైన్, లేదా బియ్యంతో చేసే షావోషింగ్ చెప్పండి.

మన కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల మందు దాకా సుంకం లేదు. 750 మిల్లీ సీసాలు రెండూ సరిపోతాయి. చెకిన్ పెట్టెలో, లుంగీలో చుట్టి.

భీమవరం_ఆక్వా: గ్లాసులు తాకించేటప్పుడు వాళ్ళనే ‘గాన్‌బే’ అంటే గ్లాసంతా ఖాళీ చెయ్యాలా?

యానాం_రేవు: అర్థం అదేనండి. గుక్కతో సరిపెట్టాలంటే ‘సుయి యీ’ అనండి. పెద్దల గ్లాసు అంచుకన్నా మీది కిందికి పెట్టి తాకించండి.