ఐ5 ఫోర్త్ జెన్ డీటీపీ సిస్టమ్: ఇప్పుడే మార్చాలా, కొత్త ప్రాసెసర్లు వచ్చేదాకా ఆగాలా?

మధిర_డీటీపీ:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, బిల్లు బుక్కులు చేస్తుంటాను. సిస్టమ్ 2015లో అసెంబుల్ చేయించింది: ఇంటెల్ ఐ5 4460 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు, ఫోటోషాప్, నాకు ఇవి తప్ప ఇంకేం అక్కర్లేదు.

ఈ 2025 డిసెంబర్ సర్పంచ్ ఎన్నికల్లో ఇది నా ప్రాణం తీసింది. గుర్తులు ఇచ్చిన రోజు సాయంత్రం అభ్యర్థులంతా షాపులోనే కూర్చున్నారు, పెద్ద ఫ్లెక్సీ ఫైల్ ఒకటి సేవ్ చేయాలంటే బయటికెళ్లి టీ తాగి రావొచ్చు, ఒకాయనైతే "ఎలక్షన్ అయ్యేలోపు వస్తదా అన్నా?" అని మొహం మీదే అడిగాడు.

సరే మార్చేద్దామని రేటు కనుక్కుంటే సెప్టెంబర్‌లో చెప్పిన ర్యామ్ ధరకీ ఇప్పటి ధరకీ పొంతనే లేదు. మా అబ్బాయి ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. వాడేమో "నాన్నా ఇప్పుడు కొనకు, 2026 చివర్లో ఇంటెల్ నోవా లేక్ అని కొత్త తరం ప్రాసెసర్లు వస్తాయి, దానికంటే ముందు ఇప్పుడున్నవాటికి రిఫ్రెష్ (ఉన్నదాన్నే కాస్త మార్చి కొత్త పేరుతో వదలడం) కూడా రావచ్చు, అప్పుడు పాతవి తగ్గుతాయి" అంటున్నాడు. మూఢం కదా, ఫిబ్రవరి దాకా కార్డుల పని ఎలాగూ పల్చగానే ఉంటుంది. బడ్జెట్ 40 వేలు, మానిటర్ ఉంది. ఆగొచ్చా?

పాత_మదర్‌బోర్డు:
అన్నా, నీ దగ్గరున్న 4460 కూడా రిఫ్రెషే తెలుసా? ఇంటెల్ 2013లో 4440 వదిలింది, 3.1 గిగాహెర్ట్జ్. 2014లో హాస్వెల్ (ఆ నాలుగో తరం పేరు) రిఫ్రెష్ అని 4460 తెచ్చింది, 3.2. అంతే! ఆ పాయింట్ వన్ కోసం నెలల తరబడి ఆగినవాళ్లను నేను చూశాను. 2023లో ఫోర్టీన్త్ జెన్ అన్నదీ ఇదే కథ, 13600కె నుంచి 14600కెకి 200 మెగాహెర్ట్జ్ పెంచి కొత్త పేరు పెట్టారు, 14700కెకి మాత్రం నాలుగు చిన్న కోర్లు అదనంగా ఇచ్చారు కాబట్టి దాన్ని ఒక్కదాన్ని వదిలేద్దాం.

ఇంక నీ పని సంగతి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి నోవా లేక్ ఎందుకు, నీ 4460యే ఎక్కువ. ఫోటోషాప్‌లోనే కదా తిప్పలు? పెద్ద ఫ్లెక్సీ ఫైల్ తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది, నిండాక ఫోటోషాప్ మిగతాదంతా డిస్క్ మీద పడేస్తుంది, నీది తిరిగే హార్డ్‌డిస్క్, అది సెకనుకి 100-150 ఎంబీ దాటదు, పైగా పదేళ్లది. సేవ్ చేసేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం చూపిస్తే దొంగ దొరికినట్టే. సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) ఒకటి, సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 ఇంకో 8 జీబీ. ఆ తరవాత కూడా చాలకపోతే అప్పుడు కొత్త సిస్టమ్ మాట్లాడు.

బిల్లు_ఉందా:
పైన చెప్పినదానితో సగమే ఒప్పుకుంటా. రిఫ్రెష్ కోసం ఆగడం దండగ, నిజమే. కానీ ఆ సిస్టమ్‌కి పదేళ్లు, విండోస్ 11 దానికి అధికారికంగా రాదు (ఇంటెల్‌లో ఎయిత్ జెన్ ప్రాసెసర్ల నుంచే), రేపు బోర్డు పోతే ఎస్‌ఎస్‌డీ ఏం చేస్తుంది?

అబ్బాయి లెక్కలో అసలు తప్పెక్కడంటే, ప్రాసెసర్ రేటు తగ్గుతుందని చూస్తున్నాడు కానీ ఇప్పుడు బిల్లు పెంచేది ప్రాసెసర్ కాదు. ర్యామ్ చిప్పులు పెద్ద ఎత్తున చేసేవి ప్రపంచంలో ముఖ్యంగా మూడే కంపెనీలు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎంత ఇస్తే అంత కొంటున్నాయి, వాళ్లూ అటే పోతున్నారు. మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండే మూసేస్తామని ఈ 2025 డిసెంబర్‌లోనే ప్రకటించింది. కొత్త సిస్టమ్ అంటే ఇంటెల్ అల్ట్రా 200 బోర్డులైనా ఏఎండీ ఏఎం5 బోర్డులైనా కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి. ప్రాసెసర్ మీద రెండు వేలు మిగిలితే ర్యామ్ దాన్ని మింగేసి ఇంకా అడుగుతుంది.

ఆగితే ఎప్పుడూ నష్టమే అని కూడా అనను. 2021లో గ్రాఫిక్స్ కార్డు కోసం ఏడాది పైన ఆగాను, 2022లో క్రిప్టో మైనింగ్ పడిపోయాక రేట్లు దిగాయి, కొన్నాను. కొత్త మోడల్ వచ్చి తగ్గలేదది, కొనేవాళ్లు పోయి తగ్గింది. ఇప్పుడు ఆ కొనేవాళ్లు ఎప్పుడు పోతారో ఎవడు చెప్పగలడు.

నా మాట వింటే కొత్తది వద్దు, ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ చూడు, ఐ5 8500 (ఎయిత్ జెన్) లాంటిది. అందులో డీడీఆర్4 ర్యామ్ ఎలాగూ ఉంటుంది, విండోస్ 11కి ఇబ్బంది లేదు. జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లుతోనే తీసుకో, అందులో 18 శాతం జీఎస్టీ వేసి ఉంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా కలిసొస్తుంది. కానీ జాగ్రత్త, సికింద్రాబాద్‌లో ఒక షాపువాడు నాకు డబ్బా మీద 8500 స్టిక్కర్ వేసి లోపల 7500 (సెవెంత్ జెన్) పెట్టి ఇచ్చాడు, ఇంటికొచ్చి విండోస్ 11 వేయబోతే కానీ తెలియలేదు. డబ్బులిచ్చే ముందే ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో పేరు చదువుకో.

కర్సర్_మెరుస్తోంది:
విండోస్ 10 గురించి టెన్షన్ పడకండి సార్. సపోర్ట్ 2025 అక్టోబర్‌లో అయిపోయింది కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తున్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్తే ఎన్‌రోల్ అని ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు.

అన్నిటికంటే ముందు పాత కార్డుల ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ హార్డ్‌డిస్క్ ఇన్నాళ్లు బతకడమే ఎక్కువ.

మధిర_డీటీపీ:
అందరికీ థాంక్స్. సేవ్ కొట్టి టాస్క్ మేనేజర్ చూశా. డిస్క్ 100, సీపీయూ 12. మా వాడికి చూపిస్తే "అదొక్కటే కాదు నాన్నా" అన్నాడు కానీ గొంతులో ముందున్నంత ఊపు లేదు.

రేపు ఖమ్మం వెళ్లి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తెస్తున్నా, ర్యామ్ పాతది దొరికితే అదీ. ఆ 8500 సంగతి మూఢం వెళ్లి కార్డుల డబ్బులు చేతికొచ్చాక చూస్తా. ఒక్క డౌటు: హార్డ్‌డిస్క్‌ని క్లోన్ చేస్తే అను కీబోర్డ్ సెట్టింగులు అలాగే వస్తాయా, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలా? సీడీ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

పాత_మదర్‌బోర్డు:
క్లోన్ అంటే మొత్తం డిస్క్ ఉన్నదున్నట్టు వస్తుంది అన్నా, నీ 1 టీబీలో నిండింది 500 జీబీలో పట్టేంత ఉంటే చాలు, బోర్డు అదే కాబట్టి విండోస్ యాక్టివేషన్ కూడా పోదు. పాత డిస్క్‌ని మాత్రం ఒక నెల ఫార్మాట్ చేయకు. ఆ సీడీ కూడా వెతుకు, 8500 కొన్నప్పుడు కావాలి.