జైల్లో కాలేజీ క్లాసు: సెమిస్టర్ మధ్యలో విద్యార్థిని వేరే జైలుకు మార్చేస్తే?

లెక్కల టీచరు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఈ జనవరి నుంచి వారానికి రెండు సాయంత్రాలు రాష్ట్ర జైలుకు వెళ్లి అదే కోర్సు చెబుతున్నాను. ఇంటర్నెట్ ఉండదు. స్ప్రింగ్ నోటుబుక్కులు లోపలికి రానివ్వరు. ఖైదీల తలల లెక్క తేలేదాకా ఒక్కోసారి 40 నిమిషాలు కారిడార్లోనే నిలబడాలి. వీటికి అలవాటు పడిపోయాను.

మొన్న మంగళవారం వెళ్తే రెండో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనకు యాభై దాటాయి. ముందురోజే వేరే జైలుకు పంపేశారట, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆయన హోంవర్కు నా సంచిలోనే ఉండిపోయింది. స్కేలు లేక ఐడీ కార్డు అంచు పెట్టి గీసిన హిస్టోగ్రాం. ఒక్క గీత వంకర పోలేదు. అడుగున చిన్న అక్షరాలతో, సగటు ఉండగా మీడియన్ (వరసలో పేరిస్తే నడిమధ్య వచ్చే విలువ) ఎందుకో ఇప్పుడు తెలిసిందని రాశారు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

15 వారాల కోర్సులో 11 వారాలు ఒక్క క్లాసు మానలేదు. ఆయన క్రెడిట్లు, పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం) ఏమవుతాయి? నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఆర్థిక సాయం విభాగం ఉద్యోగి:
మేడమ్, ముందు ఆయన పేరు పక్కన ‘విత్‌డ్రా’ పడకుండా చూడండి. పెల్ గ్రాంటు జీవితం మొత్తానికి 12 ఫుల్‌టైమ్ సెమిస్టర్లకు సరిపడానే ఇస్తారు. సెమిస్టర్లో 60 శాతం దాటాక మానేసినట్టు నమోదైతే, ఆ సెమిస్టర్ గ్రాంటు మొత్తం వాడుకున్నట్టే లెక్క. గ్రాంటూ ఖర్చయి, క్రెడిటూ రాదు. గ్రేడు బదులు, కోర్సు ఇంకా పూర్తికాలేదని ‘ఇన్‌కంప్లీట్’ వేయమని రిజిస్ట్రారును అడగండి. మిగతా పని పూర్తిచేస్తే క్రెడిట్ అయినా దక్కుతుంది.

పాత ట్యూటరు:
నేను పాఠాలు చెప్పిన చోట కాలేజీకీ జైళ్ల శాఖకూ మధ్య ఒప్పందంలోనే ఒక షరతు రాయించారు: భద్రతా కారణం ఉంటే తప్ప సెమిస్టర్ అయ్యేదాకా విద్యార్థిని కదపకూడదు. మీ డీన్‌తో వచ్చే ఏడాదికైనా అది రాయించండి. 1994 చట్టంతో రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో ఉన్నవాళ్లకు పెల్ గ్రాంటు పూర్తిగా ఆగిపోయింది. 2015లో ప్రకటించిన ప్రయోగంతో కొందరికి మళ్లీ తలుపు తెరుచుకుంది, 2023 జులై 1 నుంచి ఆమోదం పొందిన జైలు కోర్సుల్లో చేరిన అర్హులందరికీ. ఇన్నేళ్లకు వచ్చిన డబ్బు ఒక్క బస్సు ప్రయాణంతో వృథా కాకూడదు కదా.

కొత్త సభ్యుడు:
జైల్లో చదువుకున్నవాళ్లు మళ్లీ జైలుకు రావడం 43 శాతం తక్కువని విన్నాను. అది చూపిస్తే అధికారులు వినరా?

లెక్కల టీచరు:
అది 2013 నాటి ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ అధ్యయనమండీ. 43 అనేది ఆడ్స్ (మళ్లీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య నిష్పత్తి) లెక్క, మామూలు శాతాల్లో తేడా 13 పాయింట్లు. అదీ పెద్దదే, తప్పక చూపిస్తాను. కానీ ఆయన మీడియన్ నేర్చుకున్నది విడుదల కోసం కాదు. బయటికి ఎప్పుడొస్తారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

రిజిస్ట్రారు ‘ఇన్‌కంప్లీట్’కి ఒప్పుకున్నారు. కొత్త జైలు విద్యాధికారితో మాట్లాడాను, పాఠాలు పోస్టులో పంపమన్నారు. నాలుగు వారాల నోట్సు, లెక్కలు ప్రింటు తీశాను. స్టేపుల్ పిన్నులు ఉండకూడదట, అన్నీ పీకి పేజీలకు నంబర్లు వేస్తున్నాను. దిద్దిన హిస్టోగ్రాం అన్నిటికన్నా పైన పెట్టాను.