ఏడు సైట్లకి ఒకే అడ్మిన్ ప్యానెల్ ఎట్టా రాయాలి?

ఒంగోలు నుంచి ప్రశ్న:
అన్నా, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళవి మూడు, స్కూళ్ళవి రెండు, ఒక హాస్పిటలు, ఒక రొయ్యల మేత షాపు, ఈ ఏడు సైట్లూ నేనొక్కడినే చూస్తుండా. సైట్లో మేటర్, ఫోటోలు మార్చుకోడానికి పీహెచ్‌పీలో నేనే రాసుకున్న ప్యానెల్ ఉంది, కొత్త క్లయింట్ రాగానే పాత ఫోల్డర్ కాపీ కొట్టి మార్చుకుంటా. మొన్న లాగిన్‌లో తప్పు దొరికింది, ఏడు చోట్లా సరిచేయాల్సొచ్చింది, రెండు మర్చిపోయా కూడా. అన్నిటికీ ఒకటే రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? లేకపోతే ఒకే వర్డ్‌ప్రెస్‌తో చాలా సైట్లు నడిపే మల్టీసైట్ మేలా?

నెల్లూరు నుంచి జవాబు:
తమ్ముడూ, మల్టీసైట్ 2010లో 3.0 వచ్చినప్పటి నుంచి వర్డ్‌ప్రెస్ లోపలే ఉంది, బాగానే పనిచేస్తది, కాకపోతే అన్ని సైట్లూ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి, రేపు ఒక క్లయింట్ నా సైట్ నాకిచ్చేయ్ అంటే విడదీయడం పెద్ద పని. నేనైతే క్లయింట్‌కో డేటాబేస్ పెడతా.

లాగిన్, ఫోటోలు, పేజీలు, మెనూ ఇవి కోర్, అంటే అన్ని సైట్లకీ ఉమ్మడి కోడ్, అది గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే టూల్) ఒక్కచోటే ఉండాలి. డిజైన్, సెట్టింగుల ఫైలు క్లయింట్‌వి. కోర్‌లో మాత్రం "ఫలానా క్లయింట్ అయితే ఇట్టా" అని ఒక్క ఇఫ్ షరతు కూడా రాయొద్దు, ఒకటి రాస్తే పది వస్తాయి, నేను అట్టానే ఒక ప్రాజెక్ట్ మొత్తం తిరగరాశా.

గ్రానైట్‌కి రంగు, పాలిష్, పలక మందం కావాలి, స్కూలుకి నోటీసులు కావాలి గదా, ఆ ఫీల్డులు సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టు, దాన్ని చదివి కోర్ తనే ఫారం తయారుచేసుకోవాలి. విలువలు జేసన్ కాలమ్‌లో (రకరకాల ఫీల్డులు కలిపి ఒకే గడిలో దాచేది) పెట్టొచ్చు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది 5.7 నుంచి ఉంది. తేదీ, యూఆర్ఎల్ పేరు లాంటివి, వెతకడానికి వాడేవి, విడి కాలమ్‌లుగానే ఉంచు. టేబుళ్ళ మార్పులు చేత్తో చేయొద్దు, ఒక్కో మార్పుని ఒక్కో ఫైల్లో రాసి నంబర్లేసిన మైగ్రేషన్ ఫైళ్ళు పెట్టుకుంటే ఏడు డేటాబేసులూ ఒకే తీరున ఉంటాయి.

కావలి నుంచి ఇంకొకరు:
డేటాబేస్‌లో అక్షరాలు దాచే పద్ధతి యుటిఎఫ్8ఎంబీ4 పెట్టు తమ్ముడూ, పాత యుటిఎఫ్8లో తెలుగు కూర్చుంటది గానీ ఎమోజీ కూర్చోదు, దానికి నాలుగు బైట్లు కావాలి. ఇంకోటి, డీటీపీ షాపు నుంచి వచ్చే మేటర్ అను ఫాంట్లలో ఉంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల కోడ్) కాదు, పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూసుకో, డాక్టర్ల పేర్లు ముఖ్యంగా.

ఒంగోలు:
మరి ముందు ఏ సైటు మార్చాలన్నా?

నెల్లూరు:
స్కూలు చిన్నది, అది మార్చు. వెంటనే గ్రానైట్‌ది ఎత్తుకో. రెండోదాని కోసం కోర్‌లో ఎక్కడ చెయ్యి పెట్టాల్సొస్తే అక్కడ ఇంకా స్కూలుకే కట్టుబడి రాశావని అర్థం, మూడోది ముట్టుకోకముందే అది సరిచేసుకో.