మూర్ఛ మాత్రతో పిల్లి బరువు పెరుగుతోంది: మోతాదు తగ్గించవచ్చా?

వెన్నెలపిట్ట:
మా పిల్లికి ఐదేళ్లు. మూర్ఛవ్యాధి అని తేలిన నాటి నుంచి, అంటే 14 నెలలుగా, ఫినోబార్బిటాల్ 7.5 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి వేస్తున్నాను. నెలకు మూడుసార్లు వచ్చే మూర్ఛ ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి వస్తోంది. అయితే 4.2 కిలోలుండే పిల్లి 5.9 కిలోలకు చేరింది. తెల్లవారుజామున మూడింటికే ఖాళీ గిన్నె ముందు కూర్చుని అరుస్తోంది. కిటికీ గట్టు మీదికి ఎగరడం పూర్తిగా మానేసింది. రాత్రి వేసే మాత్రను సగం చేస్తే ఈ ఆకలి తగ్గుతుందా?

తులసికోట:
తగ్గించే ఆలోచన మానుకోండి. ఈ మందు మోతాదును కిలోల లెక్కన నిర్ణయిస్తారు. మొదట్లో పూటకు కిలోకు 1.8 మిల్లీగ్రాములు పడిన మందు ఇప్పుడు 1.3 కూడా పడటం లేదు. పెంచవలసిన చోట తగ్గిస్తానంటున్నారు.

ఏటిగట్టు:
పెరిగింది కొవ్వు, ఆ కొవ్వుకు కూడా లెక్కగట్టి మందు పోయమనడం నాకు సమ్మతం కాదు. మా పిల్లికి ఇదే మందు వాడాము. ఆకలితో అరుస్తోంది కదా అని పెడుతూ పోతే ఏడు కిలోలైంది, ఆ తరువాత మధుమేహం వచ్చింది, మూడేళ్లపాటు రెండు పూటలా ఇన్సులిన్ సూది పొడిచాను. వీపు చివరి దాకా నాలుక అందక తోక మొదట్లో వెంట్రుకలు అట్టలు కట్టేవి. తడిగుడ్డతో నానబెట్టి నేనే విడదీసేవాణ్ణి. బరువును చిన్న విషయంగా తీసుకోవద్దు.

గోరంతదీపం:
పొటాషియం బ్రోమైడ్‌కు మార్చవచ్చు కదా? మా కుక్కకు అది బాగా పనిచేసింది.

తులసికోట:
పిల్లులకు అది పనికిరాదు. ఊపిరితిత్తుల్లో వాపు తెచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. రోజూ నోటి ద్వారా డయాజెపామ్ ఇవ్వడం కూడా ప్రమాదమే. కొన్ని పిల్లుల్లో కొద్ది రోజులకే కాలేయం పాడవుతుంది. ఇక ఏటిగట్టు గారు నా ప్రశ్నకు జవాబివ్వలేదు. కిలోకు 1.3 మిల్లీగ్రాములు సరిపోతుందా, సరిపోదా?

ఏటిగట్టు:
మూర్ఛలు తగ్గాయని ఆవిడే రాశారు. సరిపోతోందనడానికి అంతకన్నా ఏం కావాలి? ఒకే లెక్క పట్టుకుని వేలాడకండి.

తులసికోట:
వేలాడతాను. నేను ప్రయాణం మీద వెళ్తూ పిల్లిని ఒక బంధువుకు అప్పగించాను. మాత్ర మింగించడం చేతకాక వారు మూడు రోజులు వేయలేదు, ఆ సంగతి నాకు చెప్పనూ లేదు. నేను తిరిగొచ్చిన రాత్రి మొదలైన మూర్ఛ ఆగలేదు. దాదాపు నలభై నిమిషాలు. ఆసుపత్రి చేరకముందే నా ఒడిలో చనిపోయింది. మాత్ర తగ్గించమని ఇంత తేలికగా చెప్పే హక్కు మీకెవరిచ్చారు? ఒక్క మూర్ఛ కూడా రాకూడదు, అంతే.

ఏటిగట్టు:
మీకు జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను. ఉన్నట్టుండి మాత్ర ఆపితే అలాంటి ఆపద వస్తుందని నాకు తెలుసు. ఆపమని నేను ఎప్పుడూ చెప్పను. కానీ మన తగాదా మిల్లీగ్రాముల గురించి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. మీకు మూర్ఛ పూర్తిగా పోవాలి. మా పిల్లికి పోయింది. మందు పెంచుకుంటూ పోయిన ఆ చివరి ఏడాది దానికి ఒక్క మూర్ఛా రాలేదు, కాని వెనక కాళ్లు తడబడేవి, పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదిలేది కాదు. రెండు నెలలకొకసారి వచ్చే ఒక నిమిషం మూర్ఛను భరిస్తే నా పాత పిల్లి నాకు మిగిలేదని నేటికీ అనుకుంటాను.

మందారం:
కిలోల లెక్క మొదటి మోతాదు వరకే. ఆ తరువాత చూడవలసింది రక్తంలో ఉన్న మందు స్థాయిని. మోతాదు మార్చిన ప్రతిసారీ రెండు వారాలాగి పరీక్ష చేయిస్తారు. మిల్లీలీటరుకు 15 నుంచి 45 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. వెన్నెలపిట్ట గారూ, ఎప్పుడైనా చూపించారా? తిండిని తూచి పెడుతున్నారా?

వెన్నెలపిట్ట (మూడు వారాల తరువాత):
స్థాయి 22 ఉంది. మందు మార్చనక్కరలేదని, ఎగరకపోవడానికి బరువే కారణమై ఉంటుందని డాక్టరు గారు అన్నారు. తిండి మాత్రం నేనెప్పుడూ తూచలేదు. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే, ఇంట్లో ముగ్గురం తలా కాస్త వేస్తున్న పొడి ఆహారం రోజుకు 72 గ్రాములైంది. గ్రాముకు 4 కేలరీల లెక్కన అది 288 కేలరీలు, 4.2 కిలోల బరువుకు దిగడానికి మాకు చెప్పినది 165. ఒక్కసారిగా కోత పెట్టి పిల్లి తినడమే మానేస్తే కాలేయానికి కొవ్వు పడుతుందట, అందుకని మెల్లగా దించుతున్నాము. వారానికి ఒక శాతం తగ్గితే చాలన్నారు. ఇప్పుడు 5.78 కిలోలుంది. మూడింటి అరుపు ఆగలేదు కనుక, రోజు మొత్తంలోంచే గుప్పెడు తీసి పడుకోబోయే ముందు పెడుతున్నాను.

తులసికోట:
22 అంటే ఇంకా పెంచడానికి చోటుంది.

ఏటిగట్టు:
చోటుందని నింపనక్కరలేదు.

వెన్నెలపిట్ట:
ప్రస్తుతానికి ఇదే మోతాదు. నెలల తరబడి మూర్ఛ రాకుండా ఉండాలని నాకూ ఉంది, కాని పిలిస్తే పలికే పిల్లిని పోగొట్టుకోలేను. మూర్ఛలు దగ్గరపడితే మళ్లీ పరీక్ష చేయించి అప్పుడు ఆలోచిస్తాను.

తులసికోట:
సరే. మూర్ఛ వచ్చినప్పుడు ముందు గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా, ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.